వాళ్లని పిలిచి మేం చేసిన పని

పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌గా చేరిన మొదటి ఆరేళ్లూ నేను చేసిన ముఖ్యమైన పని అబద్ధాలు రాయడం. సోషల్ వర్క్‌లో ఎమ్మే చదివి, పరీక్ష రాసి, కృష్ణా జిల్లా నుంచి వచ్చి, సైదాబాద్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, రోజూ రెండు ఆటోలు మారి వెళ్లి మరీ చేసిన పని. ఇది తొంభైల మొదట్లో మాట.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అడుగుతుంటారు, మేడం మీ అనుభవాలు చెప్పండని. వాళ్లకు కావలసినవి మంచి సంగతులు. అవి ఎవరైనా చెప్తారు. నేను రెండు తప్పులు చెప్తాను. రెండూ నావే. రెండింటికీ నా మీద ఎవరూ ఏ చర్యా తీసుకోలేదు. రెండోదానికైతే శాలువా కప్పారు.

కడుపునొప్పి

చనిపోవాలనుకుని ప్రాణాలతో బయటపడ్డవాళ్లను మా క్యాజువాలిటీకి తెచ్చేవాళ్లు. అప్పటి చట్టం ప్రకారం అది నేరం. బతికినందుకు కేసు. ఇంకా కళ్లు సరిగ్గా తెరవని మనిషి మంచం పక్కన అవుట్‌పోస్టు కానిస్టేబుల్ నోటు పుస్తకం పట్టుకుని నిలబడేవాడు. ఇంటివాళ్లు ఒకసారి డాక్టరు చేతులు, ఒకసారి నా చేతులు పట్టుకునేవాళ్లు. కేసు వద్దమ్మా, పరువు పోతుందమ్మా అని. కోర్టుల చుట్టూ తిరగడం డాక్టర్లకూ ఇష్టం లేదు. రాత పని పెరగడం కానిస్టేబుల్‌కూ ఇష్టం లేదు. అందుకని అందరం ఒక మాట మీదికి వచ్చాం. నా ఫారంలో ‘కారణం’ అని ఒక గడి ఉండేది, వేలెడంత. అందులో ‘కడుపునొప్పి భరించలేక’ అని రాసేదాన్ని. ఎవరికీ ఇబ్బంది లేదు. నేను దయతో చేస్తున్నాననే అనుకున్నాను.

శంకర్ అని ఒక టైలరు, ఇరవై రెండేళ్లవాడు, అలాగే వచ్చాడు. వాళ్లన్న వరండాలో నన్ను పట్టుకున్నాడు. “మేడం, కడుపునొప్పి అని రాయుండ్రి. రేపు వానికి పెండ్లి గావాలె. మీ కాళ్లు మొక్కుత” అన్నాడు. రాశాను. మా ఆసుపత్రికి వారానికొకసారి, గురువారం, మానసిక వైద్యుడు వచ్చేవాడు. శంకర్‌ని ఆయనకి చూపించాలని నా మనసులో ఉంది. కానీ కాగితం మీద ఉన్నది కడుపునొప్పి. కడుపునొప్పి మనిషిని ఆయన దగ్గరికి ఎలా పంపుతాం? డ్యూటీ డాక్టరు కడుపుకి మాత్రలు రాసి మూడోరోజు ఇంటికి పంపేశాడు.

రెండు నెలలకు వాళ్లన్న మళ్లీ వచ్చాడు. ఈసారి తమ్ముణ్ణి తేలేదు, తమ్ముడి కాగితాల కోసం వచ్చాడు. శంకర్ రెండోసారి బతకలేదు. అతను నా మీద అరవలేదు. బల్లకి అటుపక్క నిలబడి మెల్లగా అన్నాడు.

“నేనే రాయమన్న, నిజమే. నాకేమెరుక మేడం? మీరు చదువుకున్నోళ్లు గద. రాయనని నన్ను తిట్టాలె. మీరెందుకు తిట్టలే?”

  ఆ రోజుతో అబద్ధం రాయడం మానేశాను. దాంతో ఇంటివాళ్లతో రోజూ లొల్లి, డాక్టర్లతో మాటలు, కానిస్టేబుల్‌తో బేరాలు. అదంతా రాస్తే సాగుతుంది.

గౌలిపుర అమ్మాయి

మంజుల వచ్చేనాటికి ఇంటర్ రెండో సంవత్సరం. పేర్లూ, పేటా మార్చాను. తండ్రి నర్సింహ గౌలిపురలో ఐదారు బర్రెలు పెట్టుకుని పాలు పోసేవాడు. స్పృహలోకి వచ్చినప్పటినుంచీ ఆ అమ్మాయిని అందరూ ఒకటే అడిగారు. నర్సు, డాక్టరు, కానిస్టేబుల్, మేనత్త, పక్క మంచం ముసలమ్మ కూడా. “ఎందుకు చేశావ్?” ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను కూడా అడిగేదాన్నే. కానీ ఆ మూడు రోజులూ జలుబు చేసి నాకు గొంతు పూర్తిగా పోయింది. మాట రాదు. అందుకని మంచం పక్కన స్టూలేసుకుని ఊరికే కూర్చునేదాన్ని. మూడోరోజు తనే ఇటు తిరిగింది.

“అందరు ఎందుకు జేసినవ్, ఎందుకు జేసినవ్ అంటుండ్రు. మీరేంది మేడం, అడుగుతలేరు?”

గొంతు చూపించి సైగ చేశాను. కొంచెం నవ్వింది. తర్వాత అంది, “ఒక్కటి గాదు మేడం. ఒక్కటి చెప్తే మీరు గదే రాస్కుంటరు. మిగిలినయన్ని నా దగ్గర్నే ఉంటయ్.”

నా చదువులో ఇంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేదు. చెప్పింది పదిహేడేళ్ల పిల్ల. అది కూడా నాకు గొంతు పోయింది కాబట్టి వినిపించింది.

మంజుల ఏడాదిపాటు గురువారాలు మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చింది. ఇంటర్ పాసయింది. తర్వాత వాళ్ల ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో యూకేజీ టీచరుగా చేరింది. పలకల మీద అక్షరాలు దిద్దించే పని. ఆ పనిలో తను నిలదొక్కుకుంది. ఒకసారి వచ్చినప్పుడు, “పొద్దుగాల్ల లేవంగనే పోవాలె అనిపిస్తది మేడం, పోరగాళ్లు సూస్తుంటరు” అంది. మామూలు మనిషికి అది మామూలు మాట. మంజుల నోట అది మా మందులన్నిటికంటే పెద్దది.

వెనకగదిలో ఆదివారాలు

రెండువేలు దాటాక ఒక ఏడాది, పరీక్షా ఫలితాల తర్వాత పేపర్లు గోల పెడితే, ఆత్మహత్యల నివారణకి ఏం చేయాలో చెప్పమని ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. మా సూపరింటెండెంట్ గారు అందులో సభ్యుడు. నన్ను పిలిచి, “వసుంధర గారూ, యువతని కూడా ఇన్వాల్వ్ చేయాలంటున్నారు. ఇద్దరిని చూడండి. కాస్త మాట్లాడగలిగేవాళ్లయితే బాగుంటుంది” అన్నారు.

నాకు నిజంగా సంతోషమయింది. మంజులని అడిగాను. రెండో మనిషి రఫీక్. లక్క గాజుల కార్ఖానాలో పనిచేసేవాడు, ఇరవై ఒకటో ఇరవై రెండో. తనతో పాటు పనిచేసే స్నేహితుడు చనిపోయాక, వాళ్ల గల్లీలో ఎవరు ముభావంగా కనిపించినా చెయ్యిపట్టి మా దగ్గరికి తీసుకొచ్చేవాడు. జీతం లేని సోషల్ వర్కర్.

మొదటిరోజే వాళ్లకి ఒక మాట ఇచ్చాను. “అక్కడ మీ సొంత కథ చెప్పక్కర్లేదు. మీ సలహా కావాలి, అంతే. ఎవరైనా అడిగితే నేను ఆపుతాను.”

ఓపీ హాలు వెనక పాత బల్లలు పడేసిన గదిలో వరసగా ఎనిమిది ఆదివారాలు కూర్చున్నాం. పాత రిజిస్టరు తెచ్చి, పేర్ల మీద అట్టముక్క పెట్టి ‘కారణం’ గళ్లు మాత్రం చూపించాను. రఫీక్ వేలు పెట్టుకుంటూ చదివాడు. కడుపునొప్పి. కడుపునొప్పి. కడుపునొప్పి.

“క్యా మేడం, ఇంతమందికి కడుపునొప్పా? ఐతే మన నల్లా నీళ్లు చెక్ చేపిచ్చాలె” అన్నాడు. మంజుల పడీపడీ నవ్వింది. ఆ రాత నాదని నేను చెప్పాక ఇద్దరూ నవ్వు ఆపేశారు.

ఎనిమిది వారాల్లో వాళ్లు నాలుగు సంగతులు తేల్చారు. కానిస్టేబుల్ కంటే ముందు, యూనిఫారం లేని మనిషి ఒకరు మంచం దగ్గర కూర్చోవాలి. ఫారంలో ‘కారణం’ తీసేసి ‘నీ కోసం ఎవరిని పిలవాలి?’ అని పెట్టాలి. ఇది మంజుల మాట. ఫలితాల రోజు గురించి కూడా తనే చెప్పింది. “ఆ దినం కాలేజీకి తాళం ఏస్తరు మేడం. బోర్డు మీద కాగితం అంటిచ్చి పోతరు. గా ఒక్క దినమన్నా ఒక సారు ఆడ కూసోవాలె గద.”

నాలుగోది రఫీక్‌ది. దానికోసం నాతో పోట్లాడాడు. ఇంటికి పంపాక మొదటి వారంలో మేం వెళ్లి చూడాలని నేను రాయబోతే ఆపాడు. “మీరు ఆటో దిగి ఇల్లెక్కడని అడిగిన్రంటే గల్లీ మొత్తానికి ఎరుక. మందుల సంగతి తర్వాత, ముందు ఇజ్జత్ పోతది. ఏదన్న టైలర్ దుకాణంల, స్కూల్ల, వేరే జాగల కలవాలె. గందుల్నే ఇంకో మాట మేడం. కాలేజీ పోరలు పోతే పేపర్ల ఫోటో వస్తది. మా కార్ఖానా పోరలు పోతే గల్లీ దాటదు. మమ్మల్ని గూడ లెక్కల రాయుండ్రి.”

మంజుల అంతా ఒక తెల్లకాగితం మీద యూకేజీ పిల్లలకు రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాసింది. తప్పులు దిద్దనా అంటే వద్దంది. ఆ కాగితంలో ఉన్నంత పని నేను తర్వాత చూసిన ఏ నివేదికలోనూ లేదు.

అయిదు నిమిషాలు

మీటింగు మూసీ అవతల ఒక పెద్ద ఆఫీసులో. పదింటికి రమ్మన్నారు. రఫీక్ పని మానుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మమ్మల్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల కాలేజీల యజమాని ఒకాయన మాట్లాడుతున్నాడు, ఆయన మాట మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. భోజనాల తర్వాత మమ్మల్ని పిలిచి, అయిదు నిమిషాలే ఉందన్నారు.

బల్ల చుట్టూ అందరి ముందూ పేర్లు రాసిన అట్టలు. వీళ్లిద్దరి ముందు లేవు. ఛైర్మన్ పెద్ద అధికారి, మెత్తగా మాట్లాడే మనిషి.

“కూర్చోమ్మా, భయపడకు. నీకేం జరిగిందో చెప్పు.”

“మేం నాలుగు సంగతులు రాస్కొచ్చినం సర్. చదువుత” అంది మంజుల.

“చదువుదువుగాని. ముందు నీ అనుభవం చెప్పు. మాకు అదే ముఖ్యం.”

“గా సంగతి చెప్పనీకి రాలే సర్.”

 మా సూపరింటెండెంట్ గారు పెన్నుతో నా మోచేతి మీద తట్టి, “చెప్పమనండి, టైం లేదు” అన్నారు. మంజుల నావైపు తిరిగింది. లేచి నిలబడాల్సింది నేను. ‘సర్, అది అడగకండి’ అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను తల ఊపాను. చెప్పు, అన్నట్టు.

ఆ తల ఊపడానికి ఏళ్ల తరబడి రకరకాల కారణాలు చెప్పుకున్నాను. బదిలీ చేస్తారేమోనని భయం, పై అధికారి మాట, ఆ కథ వింటేనైనా వీళ్లు కదులుతారన్న ఆశ. అసలు సంగతి ఇంకా చిన్నది. అంతమంది పెద్దవాళ్లు చూస్తుండగా నేను తీసుకొచ్చిన పిల్ల మొండికేస్తుంటే నాకు నామోషీ అనిపించింది. అంతే.

మంజుల బల్లని చూస్తూ చెప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఛైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక సభ్యురాలు లేచి వచ్చి తల నిమిరింది. టైం అయిపోయింది.

రఫీక్ లేచాడు. “సార్, అసలుది చదవనేలేదు.”

“ఇచ్చి వెళ్లు బాబూ, చూస్తాం.”

గుమాస్తా ఒకతను ఆ కాగితం తీసుకుని టీ కప్పుల ట్రే పక్కన పెట్టాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో మూసీ మీది నయాపూల్ దాటాక మంజుల అంది, “మీరు ఆపుతనన్నరు గద మేడం.”

పేపర్లో

హాల్లో వెనక కూర్చున్న ఇద్దరిని నేను ఆఫీసు సిబ్బంది అనుకున్నాను. అందులో ఒకడు విలేకరి. మూడోరోజు పేపర్లో వచ్చింది. అసలు పేరు, గౌలిపుర, పాలవాళ్ల అమ్మాయి, పక్కనుంచి తీసిన ఫోటో. చదివినవాళ్లకి కన్నీళ్లొచ్చేలా రాశాడు. ఇంటి నంబరు ఒక్కటే తక్కువ, గౌలిపురలో దాని అవసరం లేదు.

పొద్దున్నే పాలకి వచ్చేవాళ్లు గిన్నె చేతికిచ్చి లోపలికి తొంగిచూడడం మొదలుపెట్టారు. వారం తిరగకుండా స్కూలు కరస్పాండెంట్ నర్సింహని పిలిపించాడు. తల్లిదండ్రులు అడుగుతున్నారు, పిల్లల మధ్య ఉండే ఉద్యోగం, కొన్నాళ్లు అమ్మాయిని ఇంట్లోనే ఉండమనండి అన్నాడు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో చెప్పలేదు.

నేను వెళ్లి బతిమాలాను. కరస్పాండెంట్ టీ తెప్పించాడు. “నాకూ జాలే మేడం. మీరు గవర్నమెంటోళ్లు, మీ దవాఖానాలో ఒక ఉద్యోగం ఇప్పించండి” అన్నాడు. టీ తాగి వచ్చేశాను.

మా సూపరింటెండెంట్ గారికి చెప్తే, “మనం పేరివ్వలేదుగా వసుంధర గారూ. అయినా చదివినవాళ్లకి అవేర్‌నెస్ వస్తుంది కదా” అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. సెలవు రోజుల్లో కూడా వార్డుకి వచ్చి పేషెంట్లని చూసేవాడు. నా బాధ అదే. చెడ్డవాడైతే తప్పంతా ఆయన మీదికి నెట్టి ఈపాటికి మర్చిపోయేదాన్ని.

రఫీక్ ఓపీలో నలుగురి ముందు నన్ను నిలదీశాడు. “సార్ అడిగిండు. ఆయనకేం ఎరుక. మీకు ఎరుక. మీరు తల ఊపిన్రు, నేను చూసిన.” ఆ తర్వాత రాలేదు. అతనే కాదు, ఆ గాజుల కార్ఖానాల గల్లీ నుంచి ఏడాదిపాటు ఒక్కరూ మా దగ్గరికి రాలేదు. వాళ్ల కష్టాలు తీరి కాదు.

మరుసటి ఏడాది నివేదిక అచ్చయింది. సభ పెట్టి కమిటీకి సాయం చేసినవాళ్లకి శాలువాలు కప్పారు. నాకూ ఒకటి. నివేదికలో ‘యువత భాగస్వామ్యం’ అని ఒక అధ్యాయం ఉంది. మంజుల, రఫీక్ బల్ల దగ్గర కూర్చున్న ఫోటో, కింద ‘యువత తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా వెల్లడించారు’ అని ఒక వాక్యం. సిఫార్సులంటే పోస్టర్లు, వ్యాసరచన పోటీలు, యోగా, తల్లిదండ్రులు పిల్లలతో ప్రేమగా మెలగాలన్న హితవు. వాళ్లు రాసిన నాలుగింట్లో ఒక్కటీ లేదు. ఆ కాగితం తిరిగి ఇమ్మని అడగడానికి ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా ఫైలంతా తిప్పి, ఇందులో లేదండీ అన్నాడు.

కొత్తగా వచ్చేవాళ్లకి

ఇప్పుడు ప్రతి పథకంలోనూ యువత గొంతు వినాలని రాస్తున్నారు. రాయనివ్వండి. మీరు ఒక పిల్లనో పిల్లవాణ్ణో అక్కడికి తీసుకెళ్లే ముందు, వాళ్లు చెప్పినదానివల్ల ఆ నివేదికలో ఒక్క వాక్యమైనా మారే వీలుందా అని కనుక్కోండి. లేకపోతే ఫోటో కోసం పిలుస్తున్నారని అర్థం, తీసుకెళ్లొద్దు. చావు దగ్గరికి వెళ్లి వచ్చిన మనిషి తన కథని ఎవరికీ బాకీ పడి లేడు. వాళ్ల బాధకి ఏడ్చి, వాళ్ల బుర్రని పక్కన పెట్టేవాళ్లని నేను చాలామందిని చూశాను. ఏడవని అధికారి ఎదురైతే ఇంకా నయం, అతనితో పోట్లాడొచ్చు.

నా చేతిలో ఉన్నది మాత్రం చేశాను. ఏ ఆర్డరూ లేకుండా, నా వార్డు ఫారాల్లో ‘కారణం’ మీద పెన్నుతో గీత కొట్టి, ‘నీ కోసం ఎవరిని పిలవాలి?’ అని రాయడం మొదలుపెట్టాను. కానిస్టేబుల్‌ని నేను పిలిచేదాకా ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చోమనేదాన్ని. పెద్దవాడు, చాయ్ ఇష్టం, ఒప్పుకున్నాడు. తర్వాత వచ్చిన సూపరింటెండెంట్ ఆ గీతలు చూసి మెమో ఇచ్చాడు. అయినా రాశాను. నన్ను బదిలీ చేశాక అక్కడ మళ్లీ ‘కారణం’ వచ్చింది.

గౌలిపురకి

ఏడాదిన్నర తర్వాత గానీ మంజుల ఇంటికి వెళ్లే ధైర్యం రాలేదు. నర్సింహ బర్రెలకి గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని స్టూల్ వేశాడు. “కూసో అమ్మా. బిడ్డనడుగుత, వస్తదో రాదో” అన్నాడు.

వచ్చింది. చిక్కిపోయింది. ఇంట్లో గల్లీ పిల్లలకి ట్యూషన్ చెప్తోంది, ముగ్గురే ఉన్నారు. వాళ్లకి ఎక్కాలు రాయమని చెప్పి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“తప్పు చేశాను మంజులా. క్షమించమని అడగడానికి వచ్చాను” అన్నాను.

“సరే అంటే మీకు మనసు హల్కా అయితది. నాకేమైతది మేడం?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.  మళ్లీ తనే అడిగింది, “మళ్లెవరినన్న తీస్కపోతున్నరా?”

“ఇంకో కమిటీ వేశారు. ఎవరినైనా చూడమన్నారు.”

“గట్లయితే ముందుగాల్ల నా సంగతి చెప్పుండ్రి వాళ్లకు. మీరు తల ఊపింది గుడ్క చెప్పుండ్రి. అది ఇన్నంక గూడ వస్తమన్నోళ్లనే తీస్కపోండ్రి.” అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మూడేళ్లకి వేరే పేటలో ఒక స్కూల్లో పని దొరికిందని నర్సింహ చెప్పాడు. ఇది రాసేముందు ఆయన ద్వారానే అడిగించాను. రాస్కోమను, పేరు తియ్యమను అని కబురొచ్చింది.

ఆమె చెప్పినట్టే చేశాను. ఆ కమిటీ కోసం అడిగిన ప్రతివాళ్లకీ ముందు ఈ సంగతి అంతా చెప్పాను. నలుగురు విని రామన్నారు. వాళ్లని రెండో మాట అడగలేదు. ఐదోవాడు ఐటీఐ చదివే కుర్రాడు, మా వార్డులో పది రోజులున్నవాడు. అంతా విని, “నన్ను గూడ గట్లనే అడిగితే మీరేం జేస్తరు మేడం?” అన్నాడు.

“లేచి నిలబడతాను.”

“పక్కా?”

“పక్కా.”

మీటింగులో కొత్త ఛైర్మన్ కూడా అదే అడిగాడు, అదే మెత్తటి గొంతుతో. నీకేం జరిగింది బాబూ అని. నేను లేచాను. “ఆ ప్రశ్నకి అతను జవాబు చెప్పడు సర్. చెప్పడానికి వచ్చింది వేరే ఉంది” అన్నాను.  ఛైర్మన్ మొహం మాడ్చుకుని, సరే కానివ్వండి అన్నాడు. ఆ అబ్బాయి తన కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఎవరూ ఏడవలేదు.

ఆ తర్వాత ఏ కమిటీకీ నన్ను పిలవలేదు. అతన్నీ పిలవలేదు.